నల్లగొండ మెడికల్ కాలేజీ ఫస్టియర్ విద్యార్థులకు, స్వరాజ్యమ్మ గురించి ఒక బహిరంగ లేఖ

ఈ ఏడాది ఎంబీబీఎస్‌లో చేరి నల్లగొండకు వచ్చిన అమ్మాయిలకూ అబ్బాయిలకూ,

నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నీట్ ర్యాంకులు, కౌన్సెలింగ్, హాస్టల్ గదుల టెన్షన్ దాటి ఇప్పుడిప్పుడే ఊపిరి పీల్చుకుంటున్న మీకు ఇంత పొడుగు ఉత్తరం రాయడం అన్యాయమే. అయినా మీ కాలేజీకి, ఈ ప్రాంతపు ఒక పెద్దావిడకి ఉన్న సంబంధం మీలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం.

2022 మార్చి 19న, నిజాం కాలపు తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 91. మర్నాడు ఆమె భౌతికకాయాన్ని అక్కడి సీపీఎం పార్టీ ఆఫీసు నుంచి నల్లగొండకు తెచ్చారు. జనం వెంట నడిచారు, పాటలు పాడారు, ఎర్రజెండాలు కప్పారు. అందరూ శ్మశానం దాకా వెళ్లి తిరిగొస్తారు కదా, ఆ జనం మీ కాలేజీ దాకా వచ్చి తిరిగి వెళ్లారు. ఆమె దేహాన్ని కుటుంబ సభ్యులు, పార్టీ వాళ్లు మీ చదువు కోసం అప్పగించారు. అప్పటికి మీ కాలేజీ మొదలై మూడేళ్లే, 2019లో వచ్చింది కాబట్టి.

అనాటమీ హాల్లో మీ ముందుకొచ్చే దేహానికి పేరుండదు. అది మంచి పద్ధతే, అలాగే ఉండాలి. అందుకని ఆమె దేహం ఏ బ్యాచ్‌కి ఉపయోగపడిందని నేను అడగను. మీరు కూడా సీనియర్ల దగ్గర ఆరా తీయకండి. నేను చెప్పాలనుకున్నది ఆ దేహం గురించి కాదు, అది బతికిన 91 ఏళ్ల గురించి. అందులో మనం గుర్తుపెట్టుకున్నవి ఐదారేళ్లే. మిగతావి ఏమయ్యాయన్నదే నా ఫిర్యాదు.

ముందుగా ఒక విషయం. మన దేశంలో అనాటమీ చదువు చాలాకాలం అనాథ శవాల మీదే నడిచింది. రైల్వే ప్లాట్‌ఫారం మీదో, ప్రభుత్వాసుపత్రి వార్డులోనో చనిపోయి, మా మనిషే అని చెప్పుకోవడానికి ఎవరూ రాక మార్చురీలో మిగిలిపోయినవాళ్లు. గడువు దాటాక చట్టప్రకారం వాళ్లను కాలేజీలకు ఇస్తారు. ఇష్టమేనా అని వాళ్లను ఎవరూ అడిగింది లేదు. గుండె ఎలా ఉంటుందో, నరం ఎటు పోతుందో మన పెద్ద పెద్ద డాక్టర్లకు చూపించింది ఎక్కువగా ఆ నిరుపేదలే. ఇంట్లో వాళ్లు అందరూ ఉండి, పేరూ పలుకుబడీ ఉండి, కావాలని తన దేహాన్ని రాసిచ్చినవాళ్లు మొన్నమొన్నటి దాకా తక్కువ. భూస్వాముల ఇంట పుట్టిన ఒకావిడ తనంతట తాను వచ్చి ఆ బీదవాళ్ల వరసలో చేరడం నాకు చిన్న విషయంగా అనిపించదు. ఆమె బతుకంతా తెలిస్తే మీకూ అనిపించదు.

1931లో కరివిరాల కొత్తగూడెంలో పుట్టారు. తుంగతుర్తి వైపు, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డి, తల్లి చొక్కమ్మ. గాంధీ పిలుపందుకుని సత్యాగ్రహంలో పాల్గొన్న బంధువుల కోరిక మీద ఆ పిల్లకు స్వరాజ్యం అని పేరు పెట్టారట. నిజాం రాజ్యంలో, అదీ ఒక దొరల ఇంట్లో!

దొరలంటే మీ తరానికి సినిమాల్లో కోరమీసాలే గుర్తొస్తాయి. అసలు సంగతి అంతకంటే నీరసంగా, అంతకంటే ఘోరంగా ఉండేది. ఊళ్లో ప్రతి వృత్తి కులమూ దొర ఇంటికి వంతుల వారీగా ఉత్తపుణ్యానికి పనిచేయాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు పోయాలి, మాదిగ ఇంటి మనిషి తోలు పనీ కబుర్లు మోసే పనీ చేయాలి. ఇంటికొకరు గడీకి, అంటే కోటలాంటి దొర ఇంటికి, వెళ్లాలి. నాట్ల కాలంలో ముందు దొర పొలం, తర్వాతే తమ పొలం. ఇది వెట్టి. దొర బిడ్డ అత్తారింటికి పోతే ఆమె వెంట ఒక పేదింటి ఆడపిల్లను కూడా పంపేవాళ్లు, ఆడబాప అని. ఆ పిల్ల జీవితం ఇక ఆ గడీలోనే. "బాంచెన్ దొరా, కాల్మొక్తా" అనే మాట ఒక పలకరింపులా చలామణి అయిన రోజులు.

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్రమహాసభ వెట్టికి వ్యతిరేకంగా పిలుపిచ్చినప్పుడు స్వరాజ్యానికి పదకొండేళ్లు అటూ ఇటూగా ఉంటాయి. ఇంట్లో కట్టుబాట్లు కాదని, తమ ఇంటి బియ్యమే వెట్టివాళ్లకు పంచింది. అన్ని కులాల వాళ్లకూ. దీన్ని చాలామంది ఒక దయగల పాప కథగా చెబుతారు. నాకు అది నచ్చదు. దొరల ఇళ్లలో దయగా గింజలు విదల్చడం ఎప్పుడూ ఉంది, పండగకీ పబ్బానికీ చేసేవాళ్లే. ఆ పిల్ల చేసింది వేరు. చేసిన పనికి రావలసింది ఇచ్చింది. ఆ తేడా అంత చిన్న వయసులో ఎలా తెలిసిందంటే, అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి ఉద్యమంలో ఉన్నాడు, ఇంట్లోకి పుస్తకాలొచ్చేవి. గోర్కీ 'అమ్మ' నవల చిన్నప్పుడే చదివి కదిలిపోయానని ఆమె తర్వాత చెప్పుకున్నారు.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోవడం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడడం, ఇవన్నీ మీరు స్కూల్లో చదివే ఉంటారు. ఆ గాలిలోనే స్వరాజ్యం కూడా ఊళ్లు తిరిగింది. కూలి పెంచాలని కూలీలను కూడగట్టింది. గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు, కారప్పొడి పట్టుకున్న ఆడవాళ్ల మధ్య నిలబడి మాట్లాడింది. ఉయ్యాల పాట బాణీల్లో పోరు మాటలు కట్టి పాడింది. ఆ తర్వాత తుపాకీ, దళం, అడవి. గోదావరి పక్క కోయ గూడేల్లో ఆమె రాజక్క. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలు ఇస్తామని సర్కారు ప్రకటించింది. ఆ రోజుల్లో పదివేలంటే మాటలు కాదు. అయినా ఎవరూ పట్టివ్వలేదు. ఆ పదివేల గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ, అంత డబ్బు వద్దనుకుని పొద్దున లేచి మళ్లీ పనికి పోయిన ఆ గూడేల వాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

1948 సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చి నిజాం పక్షాన ఉన్న రజాకార్లను అణిచింది. ఆ వెంటనే దళాల మీద పడింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. దొరల చేతుల్లోంచి విడిపించిన గ్రామాలు మూడు వేలు, పేదలకు పంచిన భూమి పది లక్షల ఎకరాలు, అమరులు నాలుగు వేల మంది అని పార్టీ లెక్క.

పుస్తకాలు, ఫ్లెక్సీలు, టీవీ ప్రోగ్రాములు ఇక్కడ ఆగిపోతాయి. ఆ నలుపు తెలుపు ఫొటో ఒకటి ఉంటుంది చూడండి, తుపాకీలు పట్టిన అమ్మాయిలది. 'వీరనారి' అని కింద ఒక మాట వేసి పని ముగిస్తారు. విరమణ నాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఇంకా 71 ఏళ్ల బతుకుంది!

ఆ 71 ఏళ్లే నాకు ముఖ్యం. తుపాకీ పట్టడానికి తెగువ కావాలి, ఒప్పుకుంటాను. తుపాకీ దించాక ఏం చేయాలో ఎవరూ చెప్పని చోట, అదే ఊళ్లలో, అదే దొరల వారసులు మళ్లీ తెల్లచొక్కాలు తొడుక్కుని ఓట్లడిగే ఊళ్లలో, డెబ్భై ఏళ్లు అదే మాట మీద ఉండడానికి ఇంకేదో కావాలి. అడవి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లలో చాలామందికి 'ఇక ఇంటికి పోండి, పెళ్లి చేసుకోండి' అనే సలహాయే ఎదురైంది. 1980లలో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు ఆ ఆడవాళ్లను వెతికి పట్టుకుని, ఎదురుగా కూర్చుని, వాళ్ల నోటి మాటగా రికార్డు చేశారు. 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా 1986లో వేశారు. అందులో స్వరాజ్యమ్మ మాటలున్నాయి. అంతవరకు సాయుధ పోరాట చరిత్రలో ఆడవాళ్లు ఉన్నారంటే ఉన్నారు, అన్నం వండి పెట్టారన్నట్టుగా ఉండేది. దళాల్లో వాళ్లు మోసిన బరువు, చూసిన అవమానాలు, పోగొట్టుకున్న బిడ్డలు, తిరిగొచ్చాక చుట్టుముట్టిన ఖాళీ, ఇవన్నీ ఆ పుస్తకంతోనే బయటికొచ్చాయి. చెప్పుకున్నవాళ్లు అప్పటికే నడివయసు దాటారు. ఇంకో పదిహేనేళ్లు ఆగి ఉంటే ఎంతమంది మిగిలేవారు?

స్వరాజ్యమ్మ 1954లో పార్టీ నాయకుడు మల్లు వెంకట నరసింహారెడ్డిని పెళ్లి చేసుకున్నారు. ఇల్లు, పిల్లలు, పార్టీ, చీలికలు. ఈ సంవత్సరాల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు, నేనూ వేగంగానే దాటేస్తున్నాను. కానీ రాజకీయాల్లో ఉన్న మగవాళ్ల జీవితచరిత్రల్లో ఇలాంటి ఖాళీ సంవత్సరాలు కనబడవు. ఈ సంగతి మాత్రం గమనించండి.

1978లో తుంగతుర్తి నుంచి సీపీఎం అభ్యర్థిగా గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. 1983లో మళ్లీ గెలిచారు. ఆ రెండో గెలుపు విలువ తెలియాలంటే ఆ ఏడు ఎన్టీఆర్ గాలి ఎలా వీచిందో మీ తాతయ్యల్ని అడగండి. కొత్త పార్టీ రాష్ట్రమంతా ఊడ్చుకుపోయిన ఎన్నికల్లో ఆమె తన సీటు నిలబెట్టుకున్నారు. ఒకప్పుడు తలకు వెలకట్టిన మనిషి అసెంబ్లీలో కూర్చుని కూలి గురించి, భూమి గురించి మాట్లాడారు. తర్వాత ఓడిపోయారు కూడా. ఓడిపోయాక ఇంట్లో కూర్చోలేదు, అది చాలు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. అప్పటికి ఆమె అరవై దాటారు. మహిళా సంఘం తరఫున ఆ పోరాటంలోనూ నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పదిహేనేళ్ల వయసులో దొర మీద, అరవైలో సారా కాంట్రాక్టర్ మీద. మధ్యలో దొరలు కాంట్రాక్టర్లు అయ్యారు, అంతే మార్పు.

2019లో, 88 ఏళ్ల వయసులో, ఆమె ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా వచ్చింది. ఎనభై దాటాక కూడా సభకు పిలిస్తే వచ్చేవారు. పెద్దామె కదా, నాలుగు ముక్కలు చెప్పి దీవించి కూర్చుంటుందని నిర్వాహకులు అనుకుంటే వాళ్ల పని అయిపోయినట్టే. ఆ గొంతుకి మైకు అలంకారం మాత్రమే. చివరికి ఆమెను తీసుకుపోయింది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్. యూట్యూబ్‌లో ఇంటర్వ్యూలున్నాయి, వినండి. నా వర్ణన కంటే అది నయం.

మీ వృత్తి నుంచే ఇంకొకరి పేరు చెబుతాను. కెప్టెన్ లక్ష్మీ సెహగల్. 1938లో మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ పూర్తి చేశారు. నేతాజీ సైన్యంలో ఝాన్సీ రాణి రెజిమెంట్ నడిపారు. ఆ తర్వాత కాన్పూరులో దశాబ్దాలపాటు పేదలకు వైద్యం చేశారు, తొంభై దాటాక కూడా రోగులను చూశారు. 2012 జూలైలో 97 ఏళ్లకు చనిపోతే ఆమె దేహాన్ని కూడా కాన్పూరు మెడికల్ కాలేజీకే ఇచ్చారు. ఆమెదీ ఇదే కథ. యూనిఫాం వేసుకున్న ఆ రెండేళ్ల ఫొటో అందరికీ తెలుసు. క్లినిక్‌లో గడిచిన అరవై ఏళ్లకు ఫొటో లేదు.

ఇదంతా మీ సిలబస్‌లో లేదు. అయినా మీ పనికి సంబంధించినదే అని నా వాదన. రేపు మీరు ఓపీలో కూర్చుంటారు. కర్ర పట్టుకుని ఒకావిడ వస్తుంది. చీటీలో '80 ఏళ్లు, ఆడ' అని ఉంటుంది. 'ఏందవ్వా, ఏం నొప్పి' అని అడుగుతారు, ఆవిడ 'ఒళ్లంతా' అంటుంది, మీరు రెండు గోలీలు రాస్తారు. బయట ఇంకా అరవై మంది ఉంటారు కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. అయినా ఇంకొక్క ప్రశ్న అడగండి, 'వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివి?' అని. అందులో సగం రోగం దొరుకుతుందని నాకు తెలిసిన డాక్టర్లే చెబుతారు. ఒక్క బీడీ తాగకపోయినా జీవితమంతా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లకు ఊపిరితిత్తులు పాడవుతాయి. నాట్లేసి నాట్లేసి నడుం పోయినావిడ ఉంటుంది. బీడీలు చుట్టినావిడ ఉంటుంది. పైగా ఇది నల్లగొండ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లున్న జిల్లా. 'ఏ ఊళ్లో పుట్టావు, ఏ బావి నీళ్లు తాగావు' అన్నది ఇక్కడ కబుర్ల కోసం అడిగే ప్రశ్న కాదు, కేసు హిస్టరీ.

అలా అడిగితే అప్పుడప్పుడూ మీకు వేరే సంగతులు కూడా తగులుతాయి. ఆ ఊళ్ల నుంచి వచ్చే ముసలివాళ్ల తల్లులు దళాలకు అన్నం మోసినవాళ్లు, గూడెంలో రాజక్కను దాచినవాళ్లు కావచ్చు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. విని రాసుకోవాలంటే ఇప్పుడే.

దేహదానం గురించి రెండు మాటలు. మిమ్మల్ని ఊళ్లో ఎవరైనా అడుగుతారు, మీరు మెడికో కదా. బతికుండగా రాసిచ్చిన అంగీకారపత్రం ఒక్కటే సరిపోదు, చనిపోయాక దగ్గరి బంధువులు ఒప్పుకుని కాలేజీకి కబురు చేయాలి. కాబట్టి ముందు ఇంట్లో వాళ్లతో మాట్లాడాలి. డెత్ సర్టిఫికెట్ ఉండాలి. పోస్ట్‌మార్టం అయిన మెడికో లీగల్ కేసుల్ని, కొన్ని అంటురోగాలతో పోయినవాళ్లను సాధారణంగా తీసుకోరు. కళ్లు ఇవ్వాలంటే చనిపోయిన ఆరు గంటల్లోపు తీయించాలి, దేహం ఆ తర్వాత కాలేజీకి ఇవ్వవచ్చు. కర్మకాండ కావాలనుకునే కుటుంబం దేహం లేకుండా కూడా తన పద్ధతిలో చేసుకోవచ్చు, దానికి కాలేజీ అడ్డు చెప్పదు. ఎక్కువమంది వెనకాడేది ఈ చివరి విషయం దగ్గరే. 'మరి ఆత్మశాంతి?' అని అడిగిన వాళ్లను వెక్కిరించకండి. స్వరాజ్యమ్మకు ఆ గొడవ లేదు. అందరూ ఆమెలా ఉండరు.

ఇక మీతో నా పని. చాలా కాలేజీల్లో మొదటి డిసెక్షన్‌కి ముందు కెడావరిక్ ఓత్ చెప్పిస్తారు. ఎదుట ఉన్న దేహాన్ని గౌరవిస్తామని ప్రతిజ్ఞ. చెప్పించే రోజున ఆ తంతుకి ముందో వెనకో ఒక గంట తీసుకుని, ఈ కాలేజీకి దేహం ఇచ్చిన ఈ ఒక్క మనిషి జీవితం చెప్పించండి. ఆమె దానం బహిరంగంగా జరిగింది, పేపర్లలో వచ్చింది, కాబట్టి ఇందులో ఎవరి రహస్యమూ బయటపడదు. చెప్పేవాళ్లు తుపాకీ ఫొటో దగ్గర ఆపేస్తే చేయెత్తి తర్వాత ఏమైందని అడగండి. మిగతా దాతల పేర్లు కుటుంబాలు ఒప్పుకుంటే ఒక బోర్డు మీద రాయించవచ్చు, ఒప్పుకోని వాళ్లకి, పేరే తెలియని అనాథలకి ఆ బోర్డు మీదే ఒక వరస ఖాళీగా వదలవచ్చు. లైబ్రరీలో ఆ రెండు పుస్తకాలు రెండేసి కాపీలు పెట్టించండి. తెలుగు చదవడం రాని మీ ఫ్రెండ్స్ కోసం 1986 పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం కూడా ఉంది.

ఇదే ఉత్తరం నేను ప్రిన్సిపాల్ గారికి రాయవచ్చు. రాస్తే ఫైల్లో పడుతుంది. ఫస్టియర్ వాళ్లు నూటయాభై మంది సంతకాలు పెట్టి అడిగితే మాత్రం ఒక గంట ఇవ్వకుండా ఎవరూ ఉండలేరు. మీ ఫౌండేషన్ కోర్సు అయిపోకముందే అడగండి, ఆ తర్వాత ఇంటర్నల్స్ మొదలైతే మీకే తీరదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు